తినకుండా కొట్టించిన చప్పట్లు

వంట బాగుందని చెప్పే హక్కు తిన్నవాళ్లకే ఉంటుంది. అన్నం తినే ప్రతి మనిషికీ తెలిసిన సంగతే ఇది. పాట బాగుందో లేదో హాల్లో ఏ మూల కూర్చున్నా తెలుస్తుంది. నాట్యం చివరి వరుసకీ కనిపిస్తుంది. కూర మాత్రం నాలుక మీద పడాల్సిందే. టీవీ వంటల షోల్లో గ్యాలరీ నిండా జనాన్ని కూర్చోబెట్టి, ఒక్క ముద్ద పెట్టకుండా, వాళ్ల చేత ఆహా ఓహో అనిపిస్తున్నారు. దీన్ని నేను దొంగసాక్ష్యం అంటాను. ఇంతకంటే మెత్తటి మాట దీనికి తగదు. వంట చేసేవాళ్లని, తినేవాళ్లని, ఇంట్లో కూర్చుని చూసేవాళ్లని ఒకేసారి మోసం చేసే పని ఇది.

హైదరాబాద్‌లో అలాంటి ఒక షోకి ప్రేక్షకురాలిగా వెళ్లి కూర్చున్నాను. ఏ చానెల్, ఏ షో అన్నది చెప్పను. ఒక్కరి పేరు చెబితే తప్పంతా వాళ్ల నెత్తిన రుద్ది మిగతావాళ్లు చేతులు దులుపుకుంటారు. నా గొడవ ఒక షోతో కాదు, ఈ అలవాటుతో.

ఊళ్లలో టీవీ చూసేవాళ్లు ఆ గ్యాలరీలో ఉన్నవాళ్లంతా అభిమానంతో వచ్చారనుకుంటారు. అలా వచ్చేవాళ్లూ ఉంటారు, కాలేజీల నుంచి సరదాగా వచ్చే పిల్లలూ ఉంటారు. కానీ రోజుకూలికి వచ్చేవాళ్లు కూడా ఉంటారని వాళ్లకి ఎవరూ చెప్పరు. కృష్ణానగర్ వైపు కోఆర్డినేటర్ అనే మనిషి ఉంటాడు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతాడు. ఆడవాళ్లు ఇంతమంది, మగవాళ్లు ఇంతమంది, మంచి రంగు చీరలు కట్టుకురండి, తెలుపూ నలుపూ వద్దు, సన్న గీతల బట్టలు అసలే వద్దు, కెమెరాలో అదురుతాయి. తెల్లారగానే బస్సు దగ్గరుండాలి. సాయంత్రం అన్నీ అయ్యాక చేతిలో కొన్ని వందల రూపాయలు పెడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కూర్చోవడం కూడా పనే. గంటల తరబడి ఏసీ చలిలో, లైట్ల కింద, ఫోన్ బయట పెట్టి, లేవొద్దన్నప్పుడు లేవకుండా కూర్చోవడం కష్టమైన పనే. సిగ్గుపడాల్సింది ఆ మనుషుల చేత ఏం చేయిస్తున్నారో ఆ సంగతికి.

లోపలికి పంపగానే మమ్మల్ని రంగుల వారీగా సర్దారు. పట్టుచీరలు, పడుచుపిల్లలు ముందు వరుసల్లోకి. వయసు మీరినవాళ్లు, వెలిసిన చీరలవాళ్లు వెనక్కి. అప్పటికి స్టవ్వులు వెలగలేదు. పోటీదారులు ఇంకా మేకప్‌లో ఉన్నారు. ఫ్లోర్ మేనేజర్ మా ముందు నిలబడి, "అందరూ నా వైపే చూడండి. ఇప్పుడు డిష్ అదిరిపోయింది. క్లాప్స్!" అన్నాడు. కెమెరా వరుస వెంబడి జరుగుతూ పోయింది. "ఇప్పుడు టెన్షన్. టైమ్ అయిపోతోంది, ఏమవుతుందో అని చూడండి." మళ్లీ కెమెరా. "ఇప్పుడు మూత తీశారు. ఘుమఘుమలాడే వాసన వచ్చింది. పీల్చండి. నవ్వండి. పక్కవాళ్లకేసి చూసి తలూపండి." లైట్ల వేడికి కొత్త ప్లైవుడ్ వాసన తప్ప అక్కడ ఇంకే వాసనా లేదు. ఉప్పు పొట్లం కూడా విప్పని ఆ ఖాళీ బల్లల ముందు, ఆ రోజు వండబోయే అన్ని వంటలకీ మెప్పు ముందుగానే తీసేసుకున్నారు.

వీటిని రియాక్షన్ షాట్లంటారు. ఎడిటింగ్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవడానికి దాచిపెట్టుకునే ముఖాలు. షూటింగులంటే ఇంతే, అన్నీ వరుసలో తీయరు, ఇది మాకు మామూలే అంటారు లోపలివాళ్లు. సినిమాలో అలా తీస్తే నాకు అభ్యంతరం లేదు. సినిమా కథ అని చూసేవాళ్లకి తెలుసు. వంట పోటీ కథ అని వాళ్లకి చెప్పలేదు. గెలుపోటములున్నాయని చెప్పారు, రుచిని బట్టే తీర్పని చెప్పారు, జనం ఎదుటే జరుగుతోందని చెప్పారు.

తర్వాత వంట మొదలైంది. ఒకమ్మాయి గుత్తి వంకాయ కూర ఎంచుకుంది. చేయి తిరిగిన అమ్మాయే. లేత నీలం వంకాయలు తొడిమ తెగకుండా నాలుగు పక్షాలుగా చీల్చి ఉప్పునీళ్లలో వేసింది. నువ్వులు, పల్లీలు, ధనియాలు, ఎండుకొబ్బరి విడివిడిగా వేయించింది. కూరే నిదానమైనది. సన్నసెగ మీద మూత పెట్టి, మధ్యమధ్య వంకాయల్ని చెదరకుండా తిప్పుతూ, నూనె పైకి తేలేదాకా ఓపిక పట్టాలి. కానీ గోడ మీద అంకెలు తగ్గిపోతున్నాయి, యాంకర్ గొంతు పెరుగుతోంది, సంగీతం దంచేస్తోంది. ఆ హడావుడిలో ఆమె సెగ పెంచింది. కారం అడుగంటింది.

మాకు వాసన తెలిసింది. నా పక్కన కూర్చున్నావిడ ఒక కర్రీ పాయింట్‌లో వంట చేస్తుంది. రోజూ పెద్ద పెద్ద గిన్నెల్లో కూరలు దించే మనిషి. ముక్కు ఎగబీల్చి నా చెవిలో అంది, "అక్కా, కారం అడుగంటింది. నువ్వులు మాడినయ్. ఇగ ఎంత పులుసు పోసినా ఆ చేదు పోదు. గిన్నె మార్సి పైపైన తీసుకోవాలె, అడుగు గీకొద్దు." ఒక్క ఊపిరిలో ఆ కూర జబ్బేమిటో చెప్పి, మందు కూడా చెప్పింది. అంతలో కింది నుంచి గదమాయింపు వచ్చింది. "అమ్మా, మాటలొద్దు! అందరూ క్లాప్స్!" చప్పట్లు మోగాయి. పైన పోసిన నూనె మెరుస్తూ, కొత్తిమీర చల్లుకుని ఆ కూర న్యాయనిర్ణేతల ముందుకు వెళ్లింది. గరిట కాదు, చెంచా కొన ముంచి, పెదాలకి ఆనించి, కళ్లు మూసుకుని మెచ్చుకున్నారు. అడుగు దాకా ఎవరూ పోలేదు.

ఆ ఎపిసోడ్ ప్రసారమైన రోజు చూశాను. గుత్తి వంకాయ మీద మూత లేచింది. మరుక్షణం తెర నిండా ఒక ముఖం. వాసన పీల్చి, కళ్లు పెద్దవి చేసి, హాయిగా నవ్వి పక్కకి తలూపుతున్న ముఖం. నా పక్కన కూర్చున్నావిడది. పొద్దున, స్టవ్వు వెలగకముందు, ప్లైవుడ్ వాసనకి నవ్వించిన నవ్వు. కారం మాడిందని ఆ హాలు మొత్తంలో నోరు తెరిచి చెప్పిన ఒక్క మనిషి ముఖాన్నే తెచ్చి, కూర అద్భుతమని చెప్పించారు. ఆమె అన్న మాట గాల్లో కలిసిపోయింది. ఆమె అనని మాట ఊరంతా చూసింది.

నన్ను మండించింది ఇదే. కొన్ని వందల రూపాయలతో ఆమె సమయాన్ని కొన్నారు, సరే. ఆమె నాలుకని, ముక్కుని, ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర నిలబడి సంపాదించిన తెలివిని ఎవరు కొన్నారు? వాటి మీద అబద్ధపు ముద్ర వేసే హక్కు ఎవరిచ్చారు? ఆమె దగ్గర కూర కొనుక్కునే ఇరుగుపొరుగు ఆ ఎపిసోడ్ చూసి ఉంటారు. వంట తెలిసిన మనిషే మెచ్చింది కదా అనుకుని ఉంటారు. సంతకం ఫోర్జరీ చేస్తే నేరం అంటాం. ముఖాన్ని ఫోర్జరీ చేస్తే ఎడిటింగ్ అంటున్నాం.

ఇదంతా వినోదం, ఇంత ఆవేశమెందుకు అంటారా? ఈ అబద్ధం ఎక్కడికి పోయి దిగుతుందో చూడండి. ఎవరో ఒక కోడలు ఆ కూర చూసి, ఆ కొలతలే రాసుకుని, ఆ హడావుడి సెగ మీదే చేస్తుంది. మాడుతుంది. మాడదా మరి? అక్కడే మాడింది. కానీ తెర మీద మాడినట్టు ఆమెకి కనిపించలేదు. కంచం ముందు కూర్చున్నవాళ్లు ఒక్క ముద్ద తిని పక్కన పెడతారు. టీవీలో అంతమంది మెచ్చుకున్నారుగా, నీ చేతికే రుచి లేదు అంటారు. మన ఇళ్లలో ఈ మాట ఎంత తేలిగ్గా పడుతుందో నేను చెప్పక్కర్లేదు. ఆమె కూడా తన చేతినే తిట్టుకుంటుంది. స్టూడియోలో మేం కొట్టిన ఆ చప్పట్లు ఒక ఆడమనిషి వంటింట్లో ఆమె మీద నేరారోపణగా మారతాయి. వినోదం ఖర్చు ఎవరు కడుతున్నారో ఇప్పుడు చెప్పండి.

అదే ఆ అమ్మాయి కారం మాడిందని తెర మీద చూపించి, పై వరుసలోంచి ఆ కర్రీ పాయింట్ ఆవిడని కిందికి పిలిచి, ఏం చేయాలో చెప్పించి ఉంటే? గిన్నె మార్చడం, అడుగు గీకకుండా పైది తీసుకోవడం, మళ్లీ కాస్త కొత్త కారం కలపడం చూపించి ఉంటే? ఆ అయిదు నిమిషాలు ఆ సీజన్ మొత్తానికి విలువైన పాఠమయ్యేవి. వంట నేర్పేది తప్పులే. అమెరికాలో జూలియా చైల్డ్ 1963లో బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ స్టేషన్ నుంచి 'ది ఫ్రెంచ్ షెఫ్' అనే వంటల షో మొదలుపెట్టినప్పుడు డబ్బు లేక దాదాపు ఏకబిగిన, కోతలు లేకుండా రికార్డు చేసేవారు. ఆమె పెనం మీద బంగాళాదుంప అట్టు తిరగేయబోతే అది ముక్కలై పొయ్యి మీద పడింది. ఆవిడ దాన్ని దాచలేదు. ఏరి మళ్లీ పెనంలో వేసి, ఎందుకు చెదిరిందో చెప్పింది. అరవై ఏళ్లు దాటినా జనం ఆ అట్టుని తలుచుకుంటూనే ఉన్నారు. ఆవిడ ముందు ఏ గ్యాలరీ లేదు. మన దగ్గర 1993లో జీ టీవీలో సంజీవ్ కపూర్ 'ఖానా ఖజానా' మొదలైనప్పుడూ మనిషి, పొయ్యి, కెమెరా. నచ్చితే ఇంట్లో చేసుకునేవాళ్లు, నచ్చకపోతే మానేసేవాళ్లు. ఫలానాది అద్భుతం అని కిరాయి చేతులు అరిచి చెప్పలేదు.

కిరాయి చప్పట్లు కొత్తవి కావు. 19వ శతాబ్దంలో పారిస్ నాటకశాలల్లో క్లాక్ అనే ముఠాలుండేవి. నవ్వడానికి కొందరు, ఏడవడానికి కొందరు, మళ్లీ పాడమని అరవడానికి కొందరు. 1830లలో పారిస్ ఒపేరాలో ఆ ముఠాకి నాయకుడు ఆగస్ట్ లెవాస్యూర్. అతను రిహార్సళ్లకి వెళ్లి కూర్చునేవాడు. ఎక్కడ ఎంత చప్పట్లు పడాలో ఒపేరా డైరెక్టర్‌తో ముందే మాట్లాడుకునేవాడు. అదీ మోసమే. కానీ ఆ అద్దె మనిషి కూడా తాను పొగిడే ఒపేరాని చూసేవాడు, వినేవాడు. మన టీవీ వంటల షోలు అతని కంటే కూడా కిందికి దిగాయి. ఇక్కడ పొగిడేవాడి నోటికీ పొగిడించుకునే కూరకీ మధ్య అసలు పరిచయమే లేదు.

1950లలో అమెరికన్ టీవీకి చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు నవ్వుల పెట్టె తయారుచేశాడు. మీట నొక్కితే నవ్వు, ఇంకో మీటకి ఇంకో రకం నవ్వు. మీకు శబ్దమే కావాలంటే అలాంటి పెట్టె వాడుకోండి. మనుషుల్ని ఎందుకు పిలుస్తున్నారు? ఎందుకంటే పెట్టెకి ముఖం ఉండదు. మన అత్తలాగో, పక్కింటి పిన్నిలాగో కనిపించే మనిషి కళ్లు మెరిస్తే చూసేవాళ్లు నమ్ముతారు. ఆ నమ్మకం కోసమే మమ్మల్ని పిలిచారు. నమ్మకం కోసం పిలిచినప్పుడు నిజం చెప్పనివ్వాలి.

చెప్పనిచ్చినవాళ్లు లేకపోలేదు. 1960ల చివర కెనడాలోని ఒట్టావాలో గ్రాహం కెర్ 'ది గ్యాలపింగ్ గూర్మే' షో జనం ఎదుట చేసేవాడు. ఆఖర్న ప్రేక్షకుల్లోంచి ఒకరిని పిలిచి, బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని, వండింది ఇద్దరూ కలిసి తినేవారు. అంతమందిలో ఒక్కరే కావచ్చు. కానీ ఆ ఒక్క కుర్చీ ఆ షో మర్యాదని నిలబెట్టింది. తిన్న నోరు ఒకటి తెర మీద ఉంది. బ్రిటన్‌లో బీబీసీ 1994లో మొదలుపెట్టిన 'రెడీ స్టెడీ కుక్' ఇంకో దారి పట్టింది. అయిదు పౌండ్ల సరుకులతో, ఇరవై నిమిషాల్లో ఇద్దరు షెఫ్‌లు వండేవారు. ఎర్ర టమాటా, పచ్చ క్యాప్సికం బొమ్మల అట్టలు ప్రేక్షకుల చేతికిచ్చి ఎవరు గెలిచారో వాళ్లనే తేల్చమనేవారు. అక్కడ కూడా హాలందరికీ ముద్ద అందలేదు. అయినా చేయెత్తేది తన ఇష్టప్రకారం. ఏ అట్ట ఎత్తాలో పొద్దున్నే ఫ్లోర్ మేనేజర్ చెప్పింది కాదు. ఇంత సులువైన మర్యాద మన స్టూడియోలకి ఎందుకు చేతకాదు?

ఎందుకంటే బల్ల మీద ఇంకొకరున్నారు. లేబుల్ కెమెరా వైపు తిప్పి పెట్టిన నూనె ప్యాకెట్, మసాలా డబ్బా, నాన్‌స్టిక్ పెనం. పోటీదారు చెంచా తీసుకున్నప్పుడల్లా ఆ పేరు పలకాలి. కూర చేదెక్కిందని ప్రేక్షకుడు నోరు తెరిస్తే ఆ మాట డబ్బా మీద పడుతుంది. అందుకే నోళ్లు కట్టేసి చేతులు మాత్రం వదిలారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక వస్తువుని మెచ్చుకుంటే ఆ మెప్పు నిజమైన అభిప్రాయమై ఉండాలని, తగినంత సమాచారం మీదో అనుభవం మీదో నిలబడాలని అందులో రాసి ఉంది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనలు ప్రకటన వేరు, కార్యక్రమం వేరు అని స్పష్టంగా తెలిసేలా ఉండాలన్నాయి. మాది ప్రకటన కాదు, కార్యక్రమం అని చానెల్ వాదించొచ్చు. వాదించుకోనివ్వండి. డబ్బా ముందు నిలబెట్టి, తినని కూరకి చప్పట్లు కొట్టించి, ఆ చప్పట్లని డబ్బా పక్కన అతికిస్తే మామూలు మనిషి కళ్లకి ఆ రెండింటి మధ్య గీత కనిపిస్తుందా? ప్రకటనలో నటుడికి ఉన్నపాటి నియమం ప్రేక్షకురాలి ముఖానికి ఎందుకుండకూడదు?

ఇక తిండి సంగతి. మధ్యాహ్నం దాటి చాలాసేపటికి మాకు పొట్లాలు పంచారు. చల్లారి గట్టిపడిన పులిహోర, పల్చటి ప్లాస్టిక్ సంచిలో ఇంత పెరుగు. మెట్ల మీదే కూర్చుని ఒళ్లో పెట్టుకుని తిన్నాం. ఎదురుగా బల్లల మీద వంకాయ కూర, రొయ్యల వేపుడు, ఏవేవో తీపి పదార్థాలు లైట్ల కింద ఎండిపోతున్నాయి. క్లోజప్ కోసం వాటికి కుంచెతో నూనె పూశారు. ఆకుకూర పచ్చగా కనిపించాలని సగమే ఉడికించారు. షూటింగ్ అయ్యాక నల్ల సంచులొచ్చాయి. పళ్లాలు పళ్లాలుగా అందులోకి పోయాయి. కొన్ని సెట్లలో యూనిట్ వాళ్లు కూర్చుని తింటారు, అది మంచి పద్ధతి. నేను చూసిన చోట ఎవరూ తినలేదు. గంటల తరబడి గది వేడిలో ఉన్న వండిన తిండి తినడం మంచిది కాదు, నిజమే. అలా పెట్టమని ఎవరన్నారు? వండగానే పెట్టొచ్చుగా.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారేసింది. వినియోగదారులకి అందుబాటులోకి వచ్చిన దాంట్లో అది 19 శాతం. ఒక్క సెట్ ఆపినంత మాత్రాన ఆ కొండ కరగదు. కానీ తిండిని పూజించే కార్యక్రమమని చెప్పుకునే చోట, ఆకలిగా ఉన్న మనుషుల కళ్లెదుట, తిండిని చెత్త సంచిలో వేయడం నాకు ఏ లెక్కలోనూ క్షమించదగ్గదిగా కనపడదు. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి మన ఆహార భద్రతా సంస్థ 2019లో ప్రత్యేకంగా నిబంధనలే చేసింది. దారి ఉంది. నడవాలన్న మనసు లేదు.

మన పెళ్లిళ్లలో వంట మేస్త్రిని చూశారా? బంతి నడుస్తుంటే పందిట్లో ఓ స్తంభం పక్కన నిలబడతాడు. ఎవరి పొగడ్తా వినడు. ఆకుల వంక చూస్తాడు. ఏది మారు అడిగారు, ఏది ఆకు చివరికి తోశారు, ఏ ఆకు ఖాళీగా మడిచారు. రెండో బంతికి ఉప్పో పులుపో సర్దించేస్తాడు. మన వంట ఇలా పెరిగింది, తినేవాళ్ల తీర్పు తలొంచి విని. కర్రీ పాయింట్ అయినా అంతే. నిన్న కూర బాగోకపోతే ఇవాళ గిన్నె మిగులుతుంది. తినేవాడు లేకుండా, తీర్పు లేకుండా పెరిగిన వంట ప్రపంచంలో ఎక్కడా లేదు. టీవీ స్టూడియోలో మాత్రం అలాంటి వంటని కని, దానికి చప్పట్ల ఉయ్యాల కట్టారు. పైన పటారం, లోన లొటారం.

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. అంతమందికి ఎక్కడ పెడతాం అంటారు. అందరికీ పెట్టొద్దు. చీటీ తీసి అయిదుగురిని కిందికి పిలవండి. అదే గిన్నెలోంచి, అడుగు దాకా గరిట పెట్టి వడ్డించండి. వాళ్లు అన్న మాట కోత లేకుండా చూపించండి. ఎవరికైనా పడకపోతే ఎలా అంటారు. పల్లీ పడనివాళ్లు, రొయ్య తిననివాళ్లు ఎవరో ముందే అడిగి రాసుకోండి. చీర రంగు అడిగినవాళ్లకి ఇదొక కష్టమా? న్యాయనిర్ణేతల మాటకీ జనం మాటకీ తేడా వస్తే షో పరువు పోతుంది అంటారు. వస్తే రానివ్వండి. వంటింట్లో రోజూ వచ్చే తేడాయే అది. ఆ తేడా మీద జరిగే వాదన కంటే మంచి వినోదం ఏ స్క్రిప్టు రాసేవాడూ రాయలేడు.

డబ్బులు తీసుకుని వచ్చినవాళ్లకి అభిప్రాయాలేమిటి అని కూడా అంటారు. ఈ మాటకే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం. కూలి ఇచ్చినంత మాత్రాన మనిషి నాలుక యజమానిది అయిపోదు. నిజం చెప్పే షరతు మీద కూడా కూలి ఇవ్వొచ్చు. అలాగే ఇవ్వాలి. ఈ షోలో ప్రేక్షకులకి డబ్బిచ్చాం అని తెర మీద చదవగలిగినంత పెద్ద అక్షరాలతో వేయాలి. వంట మొదలయ్యే ముందు తీసిన ముఖాన్ని వంట అయ్యాక ముఖంగా చూపించడం మానాలి. వేళకి వేడి అన్నం, అడిగినప్పుడు మంచినీళ్లు, బాత్రూమ్‌కి వెళ్లే స్వేచ్ఛ దయగా కాదు, హక్కుగా ఇవ్వాలి. తెర వెనక ఉల్లిపాయలు తరిగి, కొబ్బరి తురిమి, గిన్నెలు తోమినవాళ్ల పేర్లు కూడా చివర్లో పడాలి. పోటీదారు పేరు పక్కన వాళ్ల పేరుంటే ఏ వంటా చిన్నబోదు.

చానెళ్లు వాటంతట అవి మారతాయన్న నమ్మకం నాకు లేదు. స్పాన్సర్ అడగడు, ఎడిటర్‌కి తీరిక లేదు, రేటింగుకి రుచి తెలియదు. మార్చగలిగినవాళ్లు ఆ గ్యాలరీ మెట్ల మీదే ఉన్నారు. మీ చప్పట్లు లేకపోతే ఆ షో ఒక ఖాళీ గది. మీరు అంత విలువైనవాళ్లు కాబట్టే తెల్లారగానే బస్సు పంపించి మరీ తీసుకెళ్తున్నారు. అడగందే అమ్మైనా పెట్టదు. ఈసారి ఫ్లోర్ మేనేజర్ క్లాప్స్ అనగానే చేతులు ఒళ్లో పెట్టుకోండి. "అన్నా, ముందు రుచి చూపించండి, బాగుంటే మీరు చెప్పకుండానే కొడతాం" అనండి. ఒక్కరంటే బయటికి పంపుతారు. వరుస మొత్తం అంటే గరిట తీసుకుని మీ దగ్గరికే వస్తారు.